ఆయిల్ ఇంజనుకు హీటుమీటరు బిగించుకోండి

వరి పొట్టకొచ్చే దశ. కాలువలో మన వంతు నీళ్లు రాలేదు. మురుగుకాలువలో ఉన్న కాసిని నీళ్లయినా ఎత్తి పోద్దామని గట్టు మీద ఆయిల్ ఇంజను దింపారు. ఇంజను చక్కగా అందుకుంది. డెలివరీ పైపు నిండా నీళ్లు పడుతున్నాయి. ఇంకేం, మడవ చూసుకుందామని మీరు చేలోకి దిగారు. గంట గడిచేసరికి ఇంజను శబ్దం బరువెక్కింది. కాసేపు మూలిగి ఆగిపోయింది. పరుగున వచ్చి చూస్తే దగ్గర నిలబడలేనంత సెగ. హ్యాండిల్ వేస్తే కదలదు. మెకానిక్ వచ్చి విప్పి చూసి, "పిస్టన్ పట్టేసింది బాబాయ్, లైనరు గీరుకుపోయింది" అంటాడు. ఇంతకీ కారణం ఏమిటంటే, ఇంజనును చల్లబరచడానికి నీళ్లు వెళ్లే సన్నని గొట్టంలో అడ్డుపడిన గుర్రపుడెక్క వేరు ముక్క!

పిస్టన్, లైనరు, రింగులు మార్చే ఖర్చు ఒక ఎత్తు. ఇంజను షెడ్డులో ఉన్న నాలుగైదు రోజులు పొట్టదశలోని చేను నీళ్లు లేక ఎండటం మరో ఎత్తు. ఎకరం, రెండెకరాల రైతుకు ఈ రెండో నష్టమే పెద్దది. ఈ నష్టాన్ని ముందుగానే పసిగట్టే చిన్న సాధనం హీటుమీటరు. ట్రాక్టరుకు, లారీకి ఇది కంపెనీ నుంచే వస్తుంది. పొలాల్లో తిరిగే చాలా ఆయిల్ ఇంజన్లకు మాత్రం ఉండదు. దీన్ని మనమే ఎలా బిగించుకోవాలి, ఎలా చదవాలి, ఏ సందర్భంలో దాన్ని నమ్మకూడదు అన్నది ఈ వారం పాఠం.

ఏ ఇంజన్లకు?

వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో వచ్చాక బోర్ల దగ్గర ఆయిల్ ఇంజన్ల అవసరం తగ్గింది. అయినా కాలువ చివరి భూముల్లో, వాగులు, చెరువుల వెంట, కరెంటు లైను చేరని చేలల్లో, కౌలు రైతుల చేతుల్లో అవి ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది 5 హెచ్.పి. సింగిల్ సిలిండరు డీజిల్ ఇంజను. నీటితో చల్లబడే ఇంజన్లకే ఈ పాఠం వర్తిస్తుంది. ఫ్యాను గాలితో చల్లబడే ఇంజనుకు నీటి దారే ఉండదు కనుక ఈ పద్ధతి పనికిరాదు.

నీటితో చల్లబడే ఇంజన్లలో మన ప్రాంతంలో రెండు ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది, పంపు డెలివరీ పైపు నుంచి సన్నని గొట్టం తీసి ఇంజనుకు పెట్టడం. ఆ నీళ్లు సిలిండరు అడుగున ప్రవేశించి, పైన హెడ్డు నుంచి బయటికి వచ్చి బోదెలో పడతాయి. రెండోది డ్రమ్ము ఏర్పాటు. డ్రమ్ములోని నీళ్లే ఇంజనులోకి వెళ్లి, వేడెక్కి పైకి లేచి మళ్లీ డ్రమ్ములోకే చేరతాయి.

వేడి ఎక్కడికి పోతుంది?

కొంచెం లెక్క చూద్దాం. ఈ లెక్క తెలిస్తే మీటరు ఎందుకు కావాలో మీకే అర్థమవుతుంది.

లీటరు డీజిల్ మండితే సుమారు 8,500 కిలోకేలరీల వేడి పుడుతుంది. కిలోకేలరీ అంటే లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించే వేడి. ఈ వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా పంపును తిప్పే పనికి వెళుతుంది. మరో పెద్ద భాగం సైలెన్సరు నుంచి పొగతో పోతుంది. సుమారు 30 శాతం, అంటే 2,500 కిలోకేలరీలకు పైగా, సిలిండరు చుట్టూ తిరిగే నీళ్లు మోసుకుపోవాలి.

నిండు లోడు మీద 5 హెచ్.పి. ఇంజను గంటకు లీటరు, లీటరుంపావు డీజిల్ తాగుతుంది. లెక్క తేలికగా ఉండటానికి లీటరే అనుకుందాం. కాలువ నీళ్లు 30 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 65 డిగ్రీల దగ్గర బయటికి రావాలంటే, ప్రతి లీటరు నీరూ 35 కిలోకేలరీలు మోసుకుపోతుంది. 2,500ను 35తో భాగిస్తే గంటకు సుమారు 70 లీటర్లు. అంటే నిమిషానికి లీటరు పైచిలుకు మాత్రమే!

మరి మనం చేస్తున్నదేమిటి? కాక్ పూర్తిగా తిప్పేసి ధారాళంగా నీళ్లు వదులుతాం. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది కదా" అనుకుంటాం. నిమిషానికి పది లీటర్లు వదిలితే నీళ్లు నాలుగు డిగ్రీలే వేడెక్కి బయటికి వస్తాయి. ఇంజను ఎప్పుడూ చలిజ్వరం పట్టినట్లే నడుస్తుంది.

అతి చల్లదనమూ జబ్బే

అతి వేడి ఇంజనును ఒక్క పూటలో చంపుతుంది. అతి చల్లదనం నాలుగైదు సీజన్లలో నెమ్మదిగా చంపుతుంది. సిలిండరు గోడ చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా మండదు. మండని డీజిల్ లైనరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారి, అడుగున ఉన్న ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. రింగులు, లైనరు త్వరగా అరుగుతాయి. హెడ్డులోనూ, సైలెన్సరులోనూ మసి పేరుకుంటుంది. అదే పనికి డీజిల్ కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

కాబట్టి నీళ్లు తగ్గించాలి. కానీ తగ్గిస్తే భయం. నిమిషానికి లీటరు మాత్రమే వెళ్లేలా కాక్ బిగిస్తే, చిన్న నాచు ముక్క చాలు దారి మూసుకుపోవడానికి. ఆ భయంతోనే మనం కాక్ బార్లా తెరుస్తున్నాం. హీటుమీటరు అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. ముల్లు కళ్ల ముందు ఉంటే, భయం లేకుండా నీళ్లు తగ్గించి ఇంజనును సరైన వేడి మీద నడపవచ్చు. మీటరు ప్రమాదం నుంచి కాపాడుతుంది, రోజూ డీజిల్ కూడా ఆదా చేస్తుంది.

చెయ్యి పెట్టి చూస్తే చాలదా?

పాతకాలం నుంచి బయటికి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టి వేడి అంచనా వేయడం అలవాటు. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలవు. 70 డిగ్రీలైతే తగిలిన వెంటనే బొబ్బ లేస్తుంది. పైగా 60కీ, 80కీ తేడా చేతికి తెలియదు. రెండూ "అబ్బో" అనిపిస్తాయి అంతే! ఇంజనుకు మాత్రం 60 ఆరోగ్యం, 80 హెచ్చరిక. కనుక చేతి పరీక్ష మానుకోవడం మంచిది.

మీటర్లలో రకాలు

1. గొట్టం రకం: దీనికి ఒక చివర వేలెడు పొడవు ఇత్తడి గుండు, మరో చివర ముల్లు తిరిగే డయల్, రెంటినీ కలుపుతూ తీగలాంటి సన్నని రాగి గొట్టం ఉంటాయి. గుండులో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. గుండు వేడెక్కితే ఆ ఆవిరి ఒత్తిడి గొట్టం గుండా వెళ్లి ముల్లును తిప్పుతుంది. దీనికి బ్యాటరీ అక్కరలేదు.

2. కరెంటు రకం: దీనికి చిన్న సెన్సరు, వైరు, 12 వోల్టుల బ్యాటరీ కావాలి. బ్యాటరీ, సెల్ఫ్ స్టార్టు ఉన్న ఇంజన్లకు ఇది బాగుంటుంది.

హ్యాండిల్ వేసి తిప్పే మన ఇంజనుకు మొదటి రకమే సరైనది. ట్రాక్టరు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఈ మూడూ చూసుకోండి.

* డయల్ మీద అంకెలు సెంటీగ్రేడులో ఉండాలి. ఫారన్‌హీట్ డయల్ అయితే 140 అంటే 60 సెంటీగ్రేడు, 176 అంటే 80 సెంటీగ్రేడు, 212 అంటే 100 సెంటీగ్రేడు అని గుర్తుంచుకోవాలి. రంగుల గీతలు మాత్రమే ఉండి అంకెలు లేని మీటరు మనకు వద్దు. ఆ రంగులు ట్రాక్టరు లెక్కకు వేసినవి.
* రాగి గొట్టం మీద నొక్కు, మడత ఉండకూడదు.
* గొట్టం పొడవు ఇంజను నుంచి మీటరు పెట్టే చోటికి సరిపోయి ఒక మూర మిగలాలి. పొడవు ఎక్కువైందని గొట్టాన్ని కోయరాదు. కోస్తే లోపలి ఆవిరి పోయి మీటరు పాత సామానులోకి చేరుతుంది.

బిగించే ముందు ఇంట్లో పరీక్ష

కొత్త మీటరైనా సరే, పరీక్షించకుండా బిగించవద్దు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు తెర్లనివ్వండి. గుండును పూర్తిగా నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. గిన్నె అడుగుకు తగలకూడదు. రెండు నిమిషాల్లో ముల్లు 100 దగ్గరకు రావాలి. ఎత్తు ప్రాంతాల్లో నీళ్లు ఒకటి రెండు డిగ్రీల ముందే మరుగుతాయి, ఆ తేడా పట్టించుకోనక్కరలేదు.

రెండో పరీక్ష: చెంబుడు మరిగే నీళ్లు, అదే చెంబుతో తొట్టిలోని మామూలు నీళ్లు ఒక గిన్నెలో కలిపి వెంటనే గుండు ముంచండి. ముల్లు 60, 65 మధ్య నిలవాలి. మనకు రోజూ కావలసిన అంకె ఇదే కనుక ఈ పరీక్ష ముఖ్యం. అయిదు డిగ్రీల తేడా ఉంటే ఆ తేడాను డయల్ పక్కన పెయింటుతో రాసుకోండి. పది డిగ్రీలు దాటితే మీటరు మార్చమని దుకాణదారును అడగండి.

కావలసిన సామాను

గొట్టం రకం మీటరు ఒకటి. ఇంజను నుంచి నీళ్లు బయటికి వచ్చే పైపు సైజుకు ఒక పొట్టి నిప్పిల్. ఆ సైజు కన్నా ఒక మెట్టు పెద్ద టీ, దానికి తగిన రెడ్యూసరు. ఎల్బోలు రెండు, జానెడు పైపు ముక్క. మీటరు గుండును టీలో బిగించే ఇత్తడి బుష్షు. మరలకు చుట్టే టేపు. మీటరు బిగించడానికి రేకు పట్టీ, పాత ట్యూబు రబ్బరు ముక్కలు.

ఇత్తడి బుష్షు విషయంలోనే చాలామందికి చిక్కు వస్తుంది. మీటరు నట్టు మర, పైపు మర తరచుగా కలవవు. బలవంతంగా బిగిస్తే మర చెడి నీళ్లు కారతాయి. టీ, మీటరు రెండూ తీసుకుని లేత్ షాపుకు వెళ్లి, లోపల మీటరు మర, బయట పైపు మర ఉండేలా బుష్షు చేయించుకోవడమే మేలు.

గుండు ఎక్కడ ఉండాలి?

ఈ పాఠంలో గుండెకాయ లాంటి విషయం ఇది. గుండు ఇంజను హెడ్డుకు వీలైనంత దగ్గరగా, నీళ్లు బయటికి వచ్చే దారిలో, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండేలా అమరాలి. నీళ్లు లోపలికి వెళ్లే దారిలో పెడితే కాలువ నీటి వేడి చూపిస్తుంది తప్ప ఇంజను సంగతి తెలియదు. హెడ్డుకు మూరెడు దూరంలో పెడితే, నీళ్లు ఆగిపోయినప్పుడు హెడ్డులో నీరు మరుగుతున్నా ఆ వేడి గుండు దాకా చేరదు.

బిగించే పద్ధతి

ఇంజను ఆపి పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి.

1. హెడ్డు నుంచి నీళ్లు బయటికి వచ్చే పైపును విప్పండి. రంధ్రంలో తుప్పు, సున్నపు పెచ్చులు ఉంటే గీకి శుభ్రం చేయండి. పెచ్చులు లోపలికి పడకుండా చూసుకోండి.

2. పొట్టి నిప్పిల్ బిగించి, దానికి రెడ్యూసరుతో టీ బిగించండి. టీకి ఉన్న మూడు నోళ్లలో తిన్నగా ఎదురెదురుగా ఉన్న రెండింటిలో ఒకటి ఇంజను వైపు, రెండోది బయటి వైపు ఉండాలి. పక్కనోరు ఆకాశం వైపు చూడాలి.

3. బయటి వైపు నోటికి ఇత్తడి బుష్షు బిగించి, అందులో నుంచి గుండును ఇంజను వైపుకు దూర్చండి. గుండు నీటికి ఎదురుగా ఉంటుంది. చుట్టూ నీళ్లు తిరగడానికి ఖాళీ ఉండాలి. టీ ఒక మెట్టు పెద్దది తీసుకోమన్నది ఇందుకే.

4. పైకి చూస్తున్న నోటికి జానెడు పైపు నిలువుగా బిగించి, పైన రెండు ఎల్బోలతో వంచి నీళ్లు కిందికి పడేలా చేయండి. చూడటానికి కొంగ మెడలా ఉంటుంది. దీనివల్ల టీ ఎప్పుడూ నిండుగా ఉండి గుండు మునిగి ఉంటుంది. గాలి బుడగలు పైకి పోతాయి.

5. నీళ్లు బయటికి పోయే ఈ దారిలో ఎక్కడా కాక్ గానీ, వాల్వు గానీ పెట్టరాదు. పొరపాటున మూస్తే లోపల ఆవిరి నిలిచి పెద్ద ప్రమాదం జరుగుతుంది. నీటిని తగ్గించే కాక్ లోపలికి వెళ్లే వైపే ఉండాలి.

6. రాగి గొట్టాన్ని సైలెన్సరుకు, బెల్టుకు, చక్రానికి దూరంగా తీసుకెళ్లండి. ఇంజను దగ్గర రెండు మూడు చుట్లు గాజుల్లా వదులుగా చుట్టి వదలండి. ఇంజను అదురు ఆ చుట్లలో అణిగిపోతుంది. తిన్నగా లాగి కడితే కొన్నాళ్లకే గొట్టం విరుగుతుంది.

7. డయల్‌ను ఇంజనుకే బిగిస్తే అదురుకు ముల్లు ఊడుతుంది. బండి మీద ఉన్న ఇంజనైతే బండి చట్రానికి, స్థిరంగా ఉన్నదైతే పక్కన పాతిన గుంజకు, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి బిగించండి. మీరు మడవ దగ్గర నుంచి వస్తుంటే కనిపించే వైపుకు తిప్పండి.

డ్రమ్ము ఏర్పాటు ఉన్నవారు, హెడ్డు నుంచి డ్రమ్ముకు వెళ్లే పై పైపులో హెడ్డు పక్కనే టీ వేసి గుండు పెట్టాలి. కొంగ మెడ అక్కరలేదు. డ్రమ్ములో నీటి మట్టం ఎప్పుడూ పై పైపు నోటి కన్నా ఎత్తులో ఉండాలి. అంతకు తగ్గితే నీళ్లు తిరగడం ఆగిపోతుంది.

నీళ్లు సరిచేసే పద్ధతి

మొదటి రోజు కాక్ బాగా తెరిచి ఇంజను నడపండి. పంపు పూర్తి లోడు మీద పావుగంట నడిచాక ముల్లు చూడండి. చాలా డయళ్లలో అంకెలు 40 దగ్గర మొదలవుతాయి కనుక ముల్లు కదలకపోవచ్చు. ఇంజను ఎంత చల్లగా నడుస్తోందో అదే చెబుతుంది. ఇప్పుడు కాక్ కొద్దిగా తిప్పి నీళ్లు తగ్గించండి. అయిదు నిమిషాలు ఆగండి. మళ్లీ కొద్దిగా తగ్గించండి. ముల్లు 60, 65 మధ్యకు వచ్చి నిలిచేదాకా ఇలాగే చేయాలి. తొందరపడి ఒకేసారి తిప్పితే ముల్లు ఆలస్యంగా అందుకుని పైకి దూకుతుంది.

ముల్లు నిలిచాక కాక్ పిడి ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టండి. బయటికి వచ్చే నీళ్ల కింద లీటరు సీసా పట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి షెడ్డు గోడ మీద రాసుకోండి. ఇంజను, లోడు బట్టి ఇది నిమిషానికి అటూ ఇటూగా ఉంటుంది. ఇకముందు ఎప్పుడు అనుమానం వచ్చినా సీసా పట్టి చూస్తే చాలు.

నీళ్లు తగ్గించాక డెలివరీ పైపు నుంచి గొట్టం తీసే చోట ఇత్తడి జల్లెడ తప్పకుండా ఉండాలి. రోజూ ఇంజను వేసే ముందు దాన్ని కడగాలి. పలచని గుడ్డ కట్టవద్దు, బురద పట్టి అదే అడ్డుపడుతుంది.

ముల్లు ఏమి చెబుతోంది?

50 లోపు: ఇంజను చల్లగా ఉంది. నీళ్లు కొద్దిగా తగ్గించండి.
60 నుంచి 70: ఆరోగ్యం. ఏమీ ముట్టుకోవద్దు.
70 నుంచి 80: కాక్ కొద్దిగా తెరవండి. జల్లెడ చూడండి.
80 నుంచి 90: వేగం తగ్గించి లోడు తగ్గించండి. నీళ్లు పెరుగుతున్నాయో లేదో చూడండి.
90 దాటితే: ఇంజను ఆపండి.

మీ ఇంజనుతో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ట్రాక్టరు మీటరు 80, 90 మధ్య ఉంటుంది కదా అని పోల్చుకోవద్దు. ట్రాక్టరులో మూతపెట్టిన రేడియేటరు, అదే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. మన ఇంజనులోకి ప్రతి నిమిషం కొత్త కాలువ నీళ్లు, బోరు నీళ్లు వస్తాయి. వాటిలోని సున్నపు లవణాలు వేడి పెరిగేకొద్దీ లోపల పెచ్చు కడతాయి. అందుకే మన ఇంజనుకు 60, 65 చాలు.

మీటరు మోసం చేసే మూడు వేళలు

మీటరు ఉంది కదా అని నిద్రపోకూడదు. అది చూపేది గుండు చుట్టూ ఉన్న నీళ్ల వేడిని మాత్రమే, ఇనుము వేడిని కాదు.

ఒకటి, ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోవడం. నడుస్తున్న ఇంజనులో ముల్లు పైకి పోతే అందరూ భయపడతారు. కిందికి పడితే "చల్లబడింది" అని సంతోషిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. నీళ్లు పూర్తిగా ఆగిపోయి, లోపల ఉన్నవి ఆవిరైపోయాక గుండు చుట్టూ నీళ్లుండవు. అప్పుడు ముల్లు దిగవచ్చు. లోపల ఇనుము మాత్రం కాలిపోతూ ఉంటుంది. కాబట్టి ముల్లు కారణం లేకుండా పడితే ముందు కొంగ మెడ నుంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే ఆ క్షణమే ఇంజను ఆపండి.

రెండు, పెచ్చు. సిలిండరు చుట్టూ సున్నపు పెచ్చు కడితే ఇనుము వేడి నీటికి అందదు. ముల్లు 60 దగ్గరే ఉన్నా లోపల పిస్టన్ మాడుతూ ఉంటుంది. లోడు, కాక్ గుర్తు మారకుండానే ముల్లు గతంలో కన్నా తక్కువ చూపుతూ, ఇంజను మాత్రం బరువుగా లాగుతుంటే పెచ్చును అనుమానించాలి. ఉప్పు నీళ్ల బోర్లు ఉన్నవారు ఏడాదికోసారి మెకానిక్ చేత నీటి గది విప్పించి గీకించాలి.

మూడు, మీటరు చెడిపోవడం. గొట్టం విరిగితే ముల్లు కింద పడి ఉంటుంది, ఇక లేవదు. ఉదయం ఇంజను వేసిన ఇరవై నిమిషాల్లో ముల్లు రోజూ ఉండే చోటికి రాకపోతే సీసా పట్టి నీళ్లు చూడండి. సీజనుకోసారి గుండు విప్పి మరిగే నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి.

అతిగా వేడెక్కితే

నీళ్లు పడుతూనే ముల్లు పెరిగితే వేగం తగ్గించి, కాక్ తెరిచి అయిదు నిమిషాలు తక్కువ లోడు మీద నడిపి తర్వాత ఆపండి. నీళ్లు అసలు పడకపోతే ఆలస్యం చేయకుండా డీజిల్ కట్టివేసే మీట నొక్కి ఆపండి.

ఆపాక కంగారులో బకెట్టుతో చల్లనీళ్లు కుమ్మరించవద్దు. మాడుతున్న పోత ఇనుము మీద చల్లనీళ్లు పడితే హెడ్డు పగులుతుంది. నీటి గొట్టాలను వెంటనే విప్పవద్దు, ఆవిరి మొహాన కొడుతుంది. కనీసం గంటసేపు దానంతట అదే చల్లారనివ్వండి. తర్వాత అడ్డు తీసి, ఇంజనాయిల్ మట్టం చూసి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. స్వేచ్ఛగా తిరిగితేనే స్టార్టు చేయాలి. బిగుసుకుని ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి బలవంతంగా తిప్పవద్దు, మెకానిక్‌ను పిలవండి.

పడవ మోటారు ఉన్నవారికి

తీరప్రాంతంలో సాగుతోపాటు వేటకు వెళ్లే రైతులూ ఉన్నారు. పడవ వెనుక తగిలించే మోటారుకూ ఇదే సూత్రం. కింద కాలులో ఉన్న రబ్బరు పంకా నీటిని పీల్చి ఇంజను చుట్టూ తిప్పుతుంది. వెనుక సన్నని ధారగా నీళ్లు పడుతుంటే పంకా పనిచేస్తున్నట్లు గుర్తు. నీరు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ సంచి అంటుకున్నా, పంకా రెక్కలు అరిగినా ఆ ధార తగ్గుతుంది. మోటారు అటూ ఇటూ తిరుగుతుంది కనుక రాగి గొట్టం నిలవదు. దీనికి కరెంటు రకం మీటరు, హెడ్డుకు తగిలేలా బిగించే సెన్సరు మేలు. అందులో కూడా ధారను చూసే అలవాటు మానకూడదు. మోటారును నీళ్లు లేకుండా గట్టు మీద వట్టిగా నడపరాదు. నిమిషం లోపే రబ్బరు పంకా పాడవుతుంది. సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్లతో లోపల కడగడం తప్పనిసరి.

కత్తిరించి షెడ్డులో అతికించుకోండి

* ఇంజను వేసే ముందు జల్లెడ కడగాలి.
* వేశాక కొంగ మెడ నుంచి నీళ్లు పడేదాకా కదలకూడదు.
* ఇరవై నిమిషాల్లో ముల్లు 60, 65 మధ్యకు రావాలి.
* మడవకు వెళ్లినా అరగంటకోసారి ముల్లూ, ధారా రెండూ చూడాలి.
* ముల్లు 90 దాటినా, హఠాత్తుగా పడిపోయినా ఇంజను ఆపాలి.
* వేడి ఇంజను మీద చల్లనీళ్లు పోయరాదు.
* బెల్టు దగ్గరికి వెళ్లేటప్పుడు తువాలు, పంచె చెంగు దోపుకోవాలి.

ఇంట్లో బిడ్డకు ఒళ్లు కాలితే రాత్రంతా నుదురు పట్టి చూస్తాం. పంటకు నీళ్లిచ్చే ఇంజనుకు అరగంటకోసారి ఒక చూపు చాలు. ఈ సీజనుకు ఇంజను బయటికి తీసే ముందే మీటరు బిగించుకోండి. చేను ఎండుతున్నప్పుడు మెకానిక్ కోసం తిరగడం కన్నా, తీరిక ఉన్నప్పుడు లేత్ షాపుకు ఒకసారి వెళ్లి రావడం తేలిక.